గంజి పెట్టిన గాలి

మక్తల్ బస్టాండు వెనక నా మిషను.
జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు, ఫాల్, పికో.
బోర్డు మీద రాసింది ఇంతే.
ఓడకు తెరచాపలు కుడతనని ఎక్కడా రాయలె.

ఊట్కూరు నుంచి వచ్చిన వడ్ల సోమాచారి
సంచిల నుంచి తీసి కటింగు బల్ల మీద పెట్టిండు:
మూరెడు ఓడ. పాత తలుపు టేకు.
మూడు స్తంభాలు బోడిగ నిలబడ్డయి,
ఆకు రాల్చి ఇంకా పూత ఎక్కని మోదుగుల తీరు.

"పదకొండు చాపలు, మానెమ్మా.
నా కండ్ల పొర సూదిల దారం పోనిస్తలేదు."

బొంబాయిల పందొమ్మిదేండ్లు
ఇనుప ఓడల తుప్పు గీకిన మనిషి.
తెరచాప ఓడను మాత్రం క్యాలెండర్లనే చూసిండట.
నేను సముద్రాన్నీ అంతే.

మొదలు పాప్లిన్ కోసిన.
వేళ్ల నడుమ నలిపి తల అడ్డం ఊపిండు.
"దీని మీద నడిచే మనిషి చీమంత.
చీమకు గోనెపట్ట కప్పుతమా?"
ట్రంకు అడుగున మా నాయిన రుమాలు దొరికింది,
ముప్పై ఏండ్లు నెత్తికి చుట్టి, ఉతికి, చుట్టి
ఉల్లిపొరంత సన్నగైన గుడ్డ.
చాయ్ డికాషన్ల నానబెట్టిన.
తెలుపు చచ్చి ఎండు చొప్ప రంగు తేలింది.

మిషను కుట్టు వద్దన్నడు. చేతి కుట్టే.
అంచు చుట్టూ మైనం రాసిన దారం, అదే తాడు.
అతుకులున్నట్టు పెన్సిల్ తోటి నిలువు గీతలు.

పొట్ట రావాలంటే డాటు వేస్త అన్న.
ఇరవై ఆరేండ్లు నేను తిన్న అన్నం డాట్లదే:
చదును గుడ్డకు గుండ్రం నేర్పుడు.
సోమాచారి నవ్విండు.
"చాపకు కుట్టిన పొట్ట ఉండదమ్మా.
గాలి వస్తె పొట్ట, పోతె గుడ్డ."
ఆ దినమంత నాకు హుక్కులు సరిగ పడలె.

గంజి కాచిన.
పెద్దవి బోర్లించిన గిన్నెల మీద,
నడిమివి కొబ్బరి చిప్పల మీద,
అన్నిటికన్న చిన్నవి నిమ్మకాయల మీద
తడి తడిగ పరిచి మిద్దెకెక్కించిన.
పొద్దుగూకి ఒక్కొక్కటి ఎత్తిన.
ఆకు కదలని సాయంత్రం అది.
నా అరచేతిల మాత్రం గాలి నిండుగ ఉంది.

కట్టుడు వేరే కష్టం.
చీపురు పుల్లల దూలాలకు ముడులు,
పక్క పార్లర్ పిల్ల దగ్గర అడిగి తెచ్చిన
కనుబొమ్మల చిమటా తోటి.
ముందు స్తంభం నుంచి మొదలు పెట్టిన.
వెనకకు వేలు దూరలె.
నాలుగు ముడులు కోసి మళ్ల వెనక నుంచి వచ్చిన.

ఆఖరుకు జెండా. ఎర్ర జాకెట్ తుండు, గోరంత.
అందంగ ఉంటదని వెనక్కి ఎగిరేటట్టు అతికించిన.

లంగా నాడాకు వచ్చిన కుర్మమ్మ
వక్క నములుతూ చూసి చూసి,
"గుడ్డలేమో ముందుకు ఉబ్బినయి,
ఎర్రది వెనక్కి ఎగురుతుంది.
ఏం గాలే ఇది, రెండు మొగాలది?
కల్లంల తూర్పార పట్టినదాన్ని,
పొట్టు ఎన్నడూ గాలికి ఎదురు పోలె."

సోమాచారి ఓడకు ముక్కు ఆనించి
చానాసేపు చూసిండు.
"క్యాలెండరోడు గూడ తప్పే గీసిండు" అన్నడు.
ఎవరి మీదనో కోపం తీరినట్టు అన్నడు.

బ్లేడు పెట్టి జెండా తిప్పిన.
జిగురు మచ్చ పోలె. ఉండనీ అన్నడు.

లైనింగ్ జాకెట్ కూలి తీసుకున్న, ఒకటిన్నరకు.
ఊట్కూరు బస్సుల కిటికీ పక్కన కూసున్నడు,
ఒడిల ఓడ, పదకొండు చాపలూ నిండుగ.
బస్సు కదిలింది.
గాలి తగులుతదని
షటర్ కిందికి గుంజిండు.

ఆ నిమ్మకాయలు రాత్రి పులిహోరల పిండిన.
కొంచెం గంజి వాసన వచ్చింది.
ఇంట్ల ఎవ్వరూ అడగలె.