బూట్లు తుడిచే గుడ్డ

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక గుడ్డముక్క ఉంటుంది.
కొండ దిగి, బస్సెక్కే ముందు
రొట్టెల బండి చాటున ఒంటికాలి మీద నిలబడి
బూట్ల మీది పాంప్లోనా దుమ్ముని తుడిచేస్తాను.
లీమాలో వాన పడదు.
తుంపర పడుతుంది,
దుమ్ము అంటుకోవడానికి సరిపడా.
పదకొండేళ్ళు. ఒక్కరోజూ పట్టుబడలేదు.

బ్యాంకు కాగితాల్లో నా చిరునామా మా పిన్నిది.
నిజానికి ఆమె వంట చేసే ఇంటిది.
గోడకి అవతల.
గోడ అని మాటవరసకి అనడం లేదు,
ముళ్ళతీగె చుట్టిన సిమెంటు గోడే.
అటు ఈతకొలనులు.
ఇటు ట్యాంకరు నీళ్ళు, డ్రమ్ముకి ఇంతని.

"ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి"
అంటాడు మేనేజరు బెనవీదెస్, నన్ను చూపించి మరీ.
నిలబడ్డాను. కాదనను.
నాలుగింటికి లేచి, కొవ్వొత్తి దగ్గర
వడ్డీ లెక్కలు నేర్చుకున్నాను.
మా తమ్ముడు ఎవారిస్తో లేవలేదు.
అదే మంచం, అదే కొవ్వొత్తి.
మోటోటాక్సీ కొనమని నేనిచ్చిన డబ్బు
వారంలో తాగేశాడు.
అడిగితే గోడకేసి చూపిస్తాడు.
గోడ నిజం.
వాడు లేవకపోవడమూ నిజం.
ఒకటి అనబోతే రెండోది
గొంతుకి అడ్డం పడుతుంది నాకు.

ఇవాళ పదిన్నరకి ఒకావిడ వచ్చింది.
ఫోర్తునాత యుపారి. కుట్టుమిషనుకి అప్పు.
చిరునామా గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు:
మా పిన్ని వాళ్ళ వీధే, ఇంటి నంబరు నలభై.
ఆ వీధి ఇరవై ఆరుతో అయిపోతుంది.
బూట్లు మెరుస్తున్నాయి.
మెరుస్తున్నాయి సరే,
మడమ కుట్లలో సన్నగా మా మట్టి.
సంచి జిప్పు సందులోంచి గుడ్డ కొస.

నేను నా కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నాను.

సంతకం పెడితే ఇల్లు చూడటానికి మనిషి వెళ్తాడు.
లేని ఇల్లు దొరకదు.
అప్పుడు నన్నడుగుతారు,
నన్నడగడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతారు?
తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం
అనేది మా అమ్మ, డ్రమ్ము మీద మూత బిగిస్తూ,
పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా.
"మళ్ళీ రండి" అన్నాను.
ఎప్పుడో చెప్పలేదు.
ఫైలుని ఇటూ అటూ కాని దొంతరలో పెట్టాను.

రాత్రి, మెట్ల మీద దీపం లేదు.
ముందు ఎవరో ఆడమనిషి,
నీళ్ళ డబ్బా మోసుకుంటూ, ఆగి ఆగి.
నేనూ ఆగాను, ఆవిడ దూరం పోవాలని.
పోలేదు.
వెనక్కి తిరక్కుండానే
"ఒక చెయ్యి వెయ్యమ్మా" అంది.
యూనిఫాం కోటు మడిచి సంచిలో ఉంది కదా,
ఇక్కడ నేనెవరో ఎవరికి తెలుస్తుంది?
వేశాను.
నూటపన్నెండు మెట్లు. మాటల్లేవు, ఊపిరే.
తొణికిన నీళ్ళు ఎవరి బూట్ల మీద పడ్డాయో,
ఇద్దరివీ పచపచమంటున్నాయి.

పైన డబ్బా దించి నడుం పట్టుకుంది.
నా మొహంకేసి చూడలేదు, కాళ్ళకేసి చూసింది.
"రేపూ పదిన్నరకే రానా?" అంది.