రాతి తవుడు

టెక్కలి పాలిషింగు యూనిట్లో
ఇరవై రెండేళ్లు మడమలోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి
రాయి అమ్మబోవడం నా తెలివితక్కువ.

షాపులోకొచ్చి తవిటమ్మ
ఏ పలకనీ కళ్లతో చూడలేదు.
వేలి కణుపుతో తట్టింది.
నీలిరాయి ఖంగుమంది.
'ఇది మా కొండే. దీంతోటి నాకింక మాటల్లేవు' అంది.
మూలనున్న తెల్ల బేసిను పలక దగ్గరికెళ్లి
దాన్నీ తట్టింది.
పచ్చి ఆనపకాయలా మెత్తగా పలికింది,
దుప్పటి కప్పుకుని ఎవరో లోపల్నుంచి 'ఊఁ' అన్నట్టు.

'ఏటిది బావూ, రాయేనా?'

అబద్ధమాడొచ్చు. రోజూ ఆడుతూనే ఉంటాను.
ఆ వేళెందుకో నోరు రాలేదు.
పాలరాతి పొడి అమ్మా,
రెజిన్ అని ఒక జిగురు, అందులో కలిపి
అచ్చులో పోస్తే గట్టిపడుతుంది.
పైన మెరిసే పూత, గోరు మందం.
దీని ప్రాణమంతా ఆ గోరులోనే.

'అంటే రాతి తవుడన్నమాట'
అని నవ్వింది. ముక్కు తీగ కదిలింది.

ఆమెకు ముందు ఇద్దరు పోయారట.
మూడోది దక్కాలని వాళ్లమ్మ
చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట దించితే
పక్కింటావిడ సోలెడు తవుడు పోసి కొనుక్కుందట.
ముక్కు కుట్టించి, సాయంత్రానికి
మళ్లీ పాలకి తెచ్చి ఇచ్చిందట.
'బియ్యానికి అమ్మేస్తే ఏటయిపోదునో!
తవుడు గాబట్టి యముడు బేరమాడనేదు.
ఇదే బండెక్కించీ.'

నౌపడ రోడ్డులో వాళ్లిల్లు.
సిలికాన్ ఆరేలోగా జాగ్రత్తలు చెప్పాను.
బూడిదా కొబ్బరిపీచూ తగలనివ్వకు.
'మరెలా తోముతారు, బతిమాలా?'
మెత్తటి గుడ్డతో, చుక్క సబ్బునీళ్లతో.
కడిగాక తుడిచెయ్యాలి, లేకపోతే
మీ బోరు ఉప్పంతా దానిమీదే రాసుకుంటుంది.
బాత్రూం యాసిడ్ ఆ గదిలోకే తేకు.
పసుపంటితే వంటసోడా ముద్దచేసి పెట్టి
కాసేపు ఓర్చుకో, గోకకు.
కాలే గిన్నె దించకు.
ఏడాదికోసారి కార్లకి రాసే మైనం.
'కారు నేదు గాని, మైనం కొంటాన్లే.'
కొంచెంసేపు దాన్నే చూసి
'ఉడుకు పడదు, పులుపు పడదు,
ఇది బాలింత పథ్యం బావూ' అంది.

నాలుగు నెలలకి కుళాయి కారుతోందని కబురు.
వెళ్తే అంచున, అర్ధరూపాయంత,
గోధుమరంగు మచ్చ.
మనవడు దోమల చక్రం పెట్టి మర్చిపోయాడు.
నన్నేమీ అడగలేదు ఆవిడ. కుళాయి వైపే చూస్తోంది.
సంచిలోంచి సన్నటి నీటి కాగితం తీసి
తడిపి, రుద్దడం మొదలెట్టానో లేదో
'అలాగా?' అని లాక్కుంది.

అప్పుడు చూశాను ఆ చెయ్యి.
మణికట్టు తిరగదు, భుజం తిరుగుతుంది.
చిన్న చిన్న సున్నాలు,
మధ్యలో నీళ్ల చిలకరింపు,
కళ్లు మూసుకుని, చెవితో వింటూ.
గోధుమరంగు గంధం రంగయింది.
గంధం మీగడయింది.
ఇంకో నాలుగు సుట్లు తిప్పితే పోతుంది.

ఆపేసింది.

ఇంకా కనపడుతోంది కదమ్మా అన్నాను.
'కనపడనీ. ఈ కింద ఇంక పూత నేదు.'
నాకు పదిహేనేళ్ల సర్వీసు.
నాకు తెలియలేదు ఆ అంచు ఎక్కడో.

కొత్త వాషరు, కూలీ కలిపి మూడు వందల యాభై.
రెండొందలు కొంగున ముడి విప్పి ఇచ్చింది.
మిగతాదానికి
మిల్లు నుంచి కొడుకు తెచ్చిన బస్తా చూపించి
'మీకు గేదుంది గదేటి?' అంది.

బండి వెనక కట్టుకుని బయల్దేరాను.
మూతి సరిగ్గా బిగించలేదేమో,
రైలుగేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే
రోడ్డు పొడుగునా సన్నగా గీత,
పిచుకలు దిగి ఏరుకుంటున్నాయి.