పిక్క బరువు

రైల్వే మూడో లైనుకి పోయింది తోట.
నలభై రెండు జీడిచెట్లూ, ఒక పనసా,
వానకి మేం నిలబడే పాక
అన్నీ కలిసి ఎనిమిది లక్షల పదివేలై
నా పాసుపుస్తకంలో ఒక్క వరసలో పడ్డాయి.

ఆ రాత్రి నుంచీ కూర్మారావుకి నిద్ర లేదు.
"కట్టీ, తవిటీ.
మన కాయితం ఆరేళ్ల బట్టి
బేంకోడి బీరువాలో ఉన్నాది.
తెచ్చీసి ఇంట్లో ఎట్టుకుందాం."

మర్నాడు కాశీబుగ్గ మిల్లులో
పప్పు ఒలుస్తూ లెక్కేశాను.
పిక్కల బస్తా ఎనభై కిలోలు.
పప్పు ఇరవై చిల్లర.
మిగతాదంతా తొక్క, నూనె, చేతికి నలుపు.
మా కిస్తీ కూడా అంతే.
తొమ్మిది వేల తొమ్మిది వందల ఆరు రూపాయల్లో
మొదటి నెల అసల్లోకి వెళ్లింది
రెండు వేల ఏడొందలు.
ఆరేళ్లుగా కొడుతూనే ఉన్నాం.
పది లక్షల్లో ఏడు లక్షల నలభై మూడు వేలు
ఇంకా పిక్కగానే ఉంది.

మా దిల్లేశ్వరి ఫోన్లో నొక్కి చెప్పింది:
"ఇప్పుడు మొత్తం కట్టీస్తే
మూడు లక్షల ఇరవై ఆరు వేలు మిగుల్తాదమ్మా."
తప్పు లేదు. నేనూ రెండుసార్లు చూశాను.

ఆ లెక్కలోకి రాని అంకె ఒకటి
బియ్యం డబ్బా మూత కింద ఉంది.
క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగు.
సంక్రాంతి ముందు ఒకటి పాయింట్ తొమ్మిది.
ఉద్దానంలో చదువు రానోళ్లు కూడా
చదవగలిగిన అంకె అది.

అది తెలిసే అతను కట్టీమంటున్నాడు.
అది తెలిసే నేను వద్దంటున్నాను.

రక్తం ఉచితంగానే కడుగుతారు,
వారానికి మూడుసార్లు.
ఆటో ఉచితం కాదు.
పక్కన కూర్చున్న నా కూలీ ఉచితం కాదు.
బేంకుకి ఏడాదికి నూటికి ఎనిమిదిన్నర పైన.
పారయ్య దగ్గర నెలకి మూడు.
దీన్ని తీర్చీసి రేపు వాడి గుమ్మం ఎక్కితే
చవక అప్పు అమ్మి ఖరీదైన అప్పు కొన్నట్టే కదా.
ఇదంతా చెప్పాను.
విన్నాడు. బీడీ లేని వేళ్లు నలుపుకున్నాడు.

"అప్పున్న ఇంట్లోంచి నన్ను మొయ్యకండే" అన్నాడు.

దానికి నా దగ్గర వడ్డీ లెక్క లేదు.

సోమవారం మిల్లు మానేసి బేంకుకెళ్లాను.
కౌంటర్లో చిన్నపిల్ల, గాజులు నిండుగా.
"మొత్తమా అమ్మా, కొంతా?"
కొంత. లక్ష.
"కిస్తీ తగ్గించమంటారా,
కాలం తగ్గించమంటారా?"

కాలం తగ్గించండి, అన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.
ఆ పిల్ల అప్పటికే నొక్కేసింది.

ఇంకో మాట కూడా అడిగాను.
మా దస్తావేజు జెరాక్సు ఇస్తారా అని.
ఎందుకంది. చూసుకోడానికి, అన్నాను.
మేనేజరు గారు నన్నొకసారి చూసి
తాళం తీయించారు.

ఇంటికొచ్చి రసీదు ముందుంచాను.
లక్ష కడితే ఇరవై నెలలు తగ్గాయి,
మిగతా ఏడు లక్షలూ
ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచాను, అన్నాను.
"ఇరవై నెలలా! ఎవరివే?" అన్నాడు.
నవ్వాడు. నేను తిట్టాను.
ఉప్పు లేని ఆనపకాయ కూర వడ్డించాను,
నాకూ అదే.

తిన్నాక జెరాక్సుని దీపం కిందికి లాక్కుని
హద్దులు గట్టిగా చదివాడు,
హాజరు పిలిచినట్టు.
తూర్పు: పంచాయతీ దారి.
దక్షిణం: బమ్మిడి జోగులు పెరడు.
పడమర: బోరింగు.
ఉత్తరం: మా సొంత జీడితోట.

అక్కడ ఆగాడు.
బయట కంకర లారీ ఒకటి
వెనక్కి వెనక్కి వస్తూ కూస్తోంది.

"ఈ వరస మార్పించాల" అన్నాడు.
అసలు కాయితం వచ్చినప్పుడు, అన్నాను.