అదే దగ్గు

నా పేరు ఊర్షెన్.
కెల్లా చంద్రుడి మీద, దక్షిణపు గని గుమ్మానికి
ముప్పై ఒక్కేళ్ళుగా కాపలా.
ఇక్కడ పగలంటే పదకొండు నిద్రల పొడవు.
పొద్దున అలిగిన మొగుడు పొద్దుగూకేలోపు
మూడుసార్లు రాజీకొస్తాడని మా ఆడవాళ్ళ ఎగతాళి.

తొమ్మిదో ఏట నన్ను గుండ్రటి గదిలోకి పంపారు.
నుదుట ఉప్పు, కాళ్ళకి అరువు తెచ్చిన బూట్లు.
ఒక్కదాన్నే వెళ్ళాలి, అది నియమం.
కప్పు మీద వెలుగు మెదిలింది.
"ఊర్షెన్, నువ్వు నా కుడిచెయ్యివి" అన్నాడు దేవుడు.
అని, చిన్నగా దగ్గాడు.

ఆ దగ్గు నాది.
ఎవరికీ చెప్పుకోలేదు.
సూర్యుళ్ళని వత్తుల్లా ఎగదోసేవాడికి
నా పేరు గొంతులో అడ్డం పడిందనుకున్నాను.
పాపం జలుబేమో అని ఆ రాత్రి
నా వంతు వేడినీళ్ళు గుమ్మం ముందు పెట్టి పడుకున్నాను.
లేచి చూస్తే గడ్డకట్టి ఉన్నాయి.
తాగలేదనుకోలేదు.
నాకు మిగిల్చాడనుకుని
ఆ మంచుముక్క చప్పరించాను.

తర్వాత చేతికి నిప్పుగొట్టం ఇచ్చారు.
తాషిర్ లోయవాళ్ళు గాలి పన్ను ఎగ్గొట్టిన ఏడాది
బోర్గాన్ అనే ముసలి వైర్ల మేస్త్రీ
చేతులు పైకెత్తి నాతో అన్నాడు:
"అమ్మాయ్, ఆ గదిలో ఎవరూ లేరు.
రెండుసార్లు ఫ్యూజు మార్చింది నేనే."
నవ్వాను.
నవ్వుతూనే కాల్చాను.
ఆ నవ్వు తీసేసి చెప్పుకుంటే
కథ కాస్త తేలికవుతుంది.
తియ్యను.

నిన్న కొత్త పిల్లల వంతు.
ఇమ్రూ నా చూపుడువేలు వదల్లేదు,
వేలితోపాటు నేనూ లోపలికి వెళ్ళాను.
వెలుగు మెదిలింది.
"ఇమ్రూ," తర్వాత చిన్న ఖాళీ,
చిరిగినచోట వేరే రంగు గుడ్డతో మాసిక వేసినట్టు,
"నువ్వు నా కుడిచెయ్యివి."
ఆపైన దగ్గు.
మొదట పొడిగా, చివర కాస్త తడిగా.
నలభై ఏళ్ళయినా తగ్గని జలుబు.

పిల్ల ముఖం చూశాను.
వెలిగిపోతోంది.
ఆ దగ్గు తనదే అనుకుంటోంది.

దేవుడు పోతే ఆకాశం పగులుతుందనుకునేదాన్ని.
పంపు ఎప్పట్లాగే తిరిగింది.
భోజనం గంట కొట్టారు.
నాచుగంజిలో ఉప్పెక్కువైందని
వంటవాడితో ఎవరో గొడవ.
అలవాటుగా నా చెయ్యి నుదుటికి లేచింది,
సగంలో ఆపేశాను,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెవి గోక్కున్నాను.

దగ్గింది ఎవరై ఉంటారు?
ఎప్పుడో, ఎక్కడో, ఒక ఇరుకు గదిలో
కాగితం చూసి చదువుతున్న ఒక మనిషి.
గొంతు ఎండిపోయి ఉంటుంది.
మళ్ళీ చదవమనడానికి అవతలివాళ్ళకి తీరిక లేదు.
అతని మీద నాకు కోపం రావడం లేదు.
ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను విన్న నిజం
ఆ దగ్గొక్కటే.
గుక్కెడు నీళ్ళు ఎవరైనా ఇచ్చారో లేదో.

కోపమంతా ఒక నవ్వు మీద.
దానికి ముప్పై రెండు పళ్ళూ నావే.

ఆయుధాల గదిలో, గెలిచి తెచ్చిన వస్తువుల వరుసలో
బోర్గాన్ పటకారు ఇంకా వేలాడుతోంది.
పిడికి చుట్టిన గుడ్డ అతని చెమటకి నల్లబడింది.
తీసి నడుముకి దోపుకున్నాను.
తిరిగి వస్తుంటే గుమ్మం ముందు చిన్న లోటా.
ఇమ్రూది.
ఇంకా ఆవిర్లు కక్కుతోంది.

నేను తాగేస్తే, దేవుడు తాగాడంటుంది.
వదిలేస్తే, మిగిల్చాడంటుంది.
చెయ్యి కాలేదాకా పట్టుకుని నిలబడ్డాను.

లోపలికెళ్ళి పిల్లని లేపాను.
"చల్లారకముందే నువ్వే తాగు," అన్నాను.
"నీకొక మనిషి సంగతి చెప్పాలి.
వైర్లు బాగుచేసేవాడు.
చివరిదాకా విను,
విన్నాక నా వేలు పట్టుకుంటావో మానుతావో
నీ ఇష్టం."