తొమ్మిదికి లేచి, తొమ్మిదీ పదికి

రీగాలో తొమ్మిదికి విమానం లేస్తుంది.
స్టాక్‌హోమ్‌లో తొమ్మిదీ పదికి దిగుతుంది.
టికెట్టు చూసినవాళ్ళెవరైనా
పది నిమిషాల ప్రయాణమే అనుకుంటారు.
నేను అనుకోను.
ముప్పై ఒక్క ఏళ్ళు భూగోళం చెప్పినదాన్ని.

గోడమీది పటానికి దారం పట్టి
పిల్లలచేత కొలిపించేదాన్ని.
తొమ్మిది సెంటీమీటర్లకు గింజంత తక్కువ.
సెంటీమీటరుకు యాభై కిలోమీటర్లు, లెక్క కట్టండి.
నాలుగు వందల నలభై పైచిలుకని అందరూ రాసుకున్నాక
వెనక బల్ల మీంచి గ్విడో లేచాడు:
"అక్కడ గడియారం గంట వెనక ఉంటుంది కదా టీచర్,
మరి ఆ గంట ఎక్కడ పడిపోతుంది?"
సముద్రంలో, అన్నాను. క్లాసంతా నవ్వింది.
వాడు నవ్వలేదు.
పటం దగ్గరికొచ్చి, సారెమా దీవికి పడమరగా
నీలం మీద వేలు పెట్టి
"ఇక్కడా?" అన్నాడు.
ఇంతలో గంట కొట్టారు.

ఇప్పుడు నా ఒళ్ళో ఒక పెట్టె.
పెట్టెలో సంచి. సంచిలో ఎవరిదో ఎముక మజ్జ,
దానిమ్మ రసం రంగులో.
ఇచ్చినవాళ్ళ పేరు నాకు చెప్పరు.
పుచ్చుకునేవాళ్ళ పేరూ చెప్పరు.
ఎక్స్‌రేలోకి పంపకూడదు, పై అరలో పెట్టకూడదు,
కునుకు తీయకూడదు.
పెన్షన్ పుచ్చుకున్న టీచర్లు ఈ పనికి బాగా కుదురుతారట,
పరీక్ష హాల్లో కన్నార్పకుండా కూర్చున్న అలవాటు కదా.
పక్క సీటతను "కేకా?" అని అడిగాడు.
అవునన్నాను.

పెట్టె లోపల ఓ చిన్న యంత్రం
ఐదు నిమిషాలకోసారి చలిని రాసుకుంటుంది.
దానికి దేశాలు తెలియవు.
సారెమా కొస జారిపోయి నీళ్ళు మొదలవగానే
నా చేతి గడియారం వెనక్కి తిప్పబోయి
ఆగిపోయాను.
ఒక ఒంట్లోంచి బయటికొచ్చి
ఇంకో ఒంట్లోకి ఇంకా చేరనిదానికి
గంటంటే గంటే.

ఆసుపత్రిలో యోర్డిస్ అనే నర్సు
పెట్టె తెరిచి, యంత్రాన్ని చదివి
"నాలుగు డిగ్రీలు" అంది.
పళ్ళు కనపడేలా నవ్వింది కూడా.
కాగితంలో సమయం అన్నచోట
ఏ ఊరి సమయం రాయమంటారు?
"రెండూ రాసేయండి."
రాశాను, ఒకదాని కింద ఒకటి,
తీసివేత లెక్కలాగా.
గాజు తలుపు అవతల, మంచం కింద
బఠాణీ రంగు చెప్పుల జత.
నేను చూసింది అంతే.

తిరుగు విమానం రెండూ ఇరవైకి.
రీగా చేరేది నాలుగున్నరకి.
టికెట్టు ప్రకారం రెండు గంటల పది నిమిషాలు,
దూరం మాత్రం పొద్దుటిదే.
ఒళ్ళో పెట్టె లేదు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మొన్న వేసవిలో లియెపాయ రేవులో గ్విడో కనిపించాడు.
పడవ అడుక్కి తారు పూస్తున్నాడు, తల సగం నెరిసింది.
ఆ ప్రశ్న గుర్తుందా అంటే
"నేనా? నేనెప్పుడడిగాను టీచర్!" అన్నాడు.

అయినా నీళ్ళ మీదికి రాగానే
కిటికీకి నుదురు ఆనించాను.
పొద్దున పడిపోయింది
లెక్క ప్రకారం ఇక్కడే దొరకాలి.
కింద ఒక్క సరుకు ఓడ,
కదులుతోందో లేదో తెలియనంత దూరంలో.

దిగేసరికి, నేను తిప్పని గడియారం
సరిగ్గానే ఉంది.