గట్టు మీద పడ్డ బంతి

మంగళవారం పొద్దున్న ఏడింటికి
డులూత్ కాలేజీ జిమ్ అడుగున, బాయిలర్ పక్క గదిలో
కోచ్ హాగెన్ వీడియో ఆపింది.
తెర మీద బంతి గాల్లోనే ఉండిపోయింది.
బయట సరస్సు గడ్డకట్టింది, లోపల ఇది.

"చెప్పండి, ఇందులో ఎవరు ఎవర్ని పట్టుకున్నారు?"

ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదు.
ఐదుగురూ మెడలెత్తి
నెలవంక కోసం వెతుకుతున్నట్టు చూస్తున్నారు.
ఐదుగురి వీపులూ ఖాళీ.

మాది రెండు-మూడు జోన్.
ముందు ఇద్దరు, వెనక ముగ్గురు.
కాయాల్సింది మనిషిని కాదు, చోటుని.
ఎవరి చెక్క వాళ్లది.
నేలంతా కంటికి కనపడని గట్లు,
బంతి కదిలితే గట్లూ కదులుతాయి.
ఇరవై ఎనిమిది సెకన్లు బాగా కాస్తాం.
లోపలికి దారి దొరక్క విసుగెత్తి
వాళ్లు దూరం నుంచి విసురుతారు.
నిజానికి అప్పటికే గెలిచినట్టు.
కానీ దూరం నుంచి వచ్చి తప్పిన బంతి
రింగు అంచున తగిలి
దూరంగానే పోయి పడుతుంది.

మనిషికి మనిషిని కాసేవాళ్లకు సులువు.
షాటు లేవగానే పక్కనున్న ఒంటికి వీపు ఆనిస్తే చాలు.
మా పక్కన ఒళ్లుండదు, జాగా ఉంటుంది.
జాగాకి వీపు ఎలా ఆనించాలి?

బంతి సరిగ్గా గట్టు మీద పడుతుంది,
ఒరీతా చెక్కకీ బ్రిట్టా చెక్కకీ మధ్య.
నీదనుకున్నా, అంటుంది ఒరీతా.
నీదే కదా, అంటుంది బ్రిట్టా.
పదిమంది చేతిలో పాము చావదంటారు.
ఐదుగురి చేతిలోనూ చావదు.
ఆ సందులోంచి వస్తుంది హిబ్బింగ్ వాళ్ల పన్నెండో నంబరు,
ఐదడుగుల నాలుగంగుళాలు, జడకి ఆకుపచ్చ రబ్బరు బ్యాండు,
ఎవరి పెరట్లోనో జామకాయ కోసుకున్నట్టు
కోసుకుని పోతుంది.

మోకాలు పోయిన నవంబరు నుంచి
బెంచి చివర కూచుని లెక్క రాయడం నా పని.
ఆ రోజు వాళ్లు తప్పినవి ముప్పై ఆరు.
మళ్లీ వాళ్లకే దొరికినవి పదిహేడు.
ఆ పదిహేడుకీ ఎర్ర పెన్సిలు.
షాటు కొట్టిన మూలకి ఎదురు పక్కన
కాగితానికి తట్టు పోసినట్టు చుక్కలు.

బుధవారం ప్రాక్టీసులో కోచ్ బంతే తీసేసింది.
ఈల వినగానే కళ్లు మూసుకుని
దగ్గరున్న ఒంటిని వెతికి పట్టుకోవాలి.
ఒరీతా వెళ్లి నీళ్ల కుండీ బల్లని పట్టుకుంది.
నేను నవ్వాను. కోచ్ నవ్వలేదు.
"పైకి చూడొద్దు. పైన ఏమీ లేదు.
పడేది కిందే. ముందు మనిషిని తాకండి."

శనివారం మళ్లీ హిబ్బింగే, ఈసారి వాళ్ల ఊళ్లో.
ఆఖరి తొమ్మిది సెకన్లు. ఒక్క పాయింటు మాది ఎక్కువ.
షాటు లేచింది, తప్పింది.
ఒరీతా పైకి చూడలేదు. తిరిగింది, వెతికింది,
పన్నెండో నంబరుకి వీపు ఆనించి నిలబడింది.
నా ఊపిరి ఆగింది.
బ్రిట్టా కూడా పైకి చూడలేదు.
తిరిగింది, వెతికింది,
అదే పన్నెండో నంబరుకి రెండో పక్కన వీపు ఆనించింది.
ఒక్క పిల్లకి రెండు గోడలు!
బంతి అటు పక్క, ఎవరూ లేని చెక్కలో,
ఒకసారి నేలని కొట్టి
వాళ్ల పొడుగమ్మాయి చేతుల్లోకి లేచింది.

ఓడిపోయాం, ఒక్క పాయింటు.

బస్సులో ఎవరూ మాట్లాడలేదు.
ఒరీతా, బ్రిట్టా చెరో కిటికీ.
ఎవెలెత్ మలుపులో ఎవరి సంచిలోంచో నారింజ ఒకటి జారి
నడవలో దొర్లింది.
చీకట్లో పదకొండు గొంతులు ఒక్కసారే, "నాది!"
అందరూ వంగారు. రెండు తలలు ఢీకొన్న చప్పుడు.
ఎవరో బూతు తిట్టి, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు.
నారింజ మాత్రం సీట్ల మధ్య సందు చూసుకుని
ముందుదాకా పోయి
డ్రైవర్ టోయివో బూటు దగ్గర ఆగింది.

ఆయన కిందికి చూడలేదు.
కళ్లు మంచు రోడ్డు మీదే.
ఎడమ మడమతో దాన్ని మెల్లగా అదిమి
డులూత్ దాకా అలాగే ఉంచాడు.

నోటుబుక్ తీసి ఆఖరి గీత కింద రాశాను,
మామూలు పెన్సిలుతోనే:
టోయివో, ఒకటి.