అందించని మాట

రంగస్థలం ముందంచున కోళ్ళగూడంత పెట్టె.
అందులో నేను, ముక్కాలి పీట, కొవ్వొత్తి,
అంచులు చిరిగిన రాతప్రతి.
కుతాయిసి నాటకశాలలో ఇరవై తొమ్మిది చలికాలాలు
మర్చిపోయినవాళ్ళకి మాట అందించాను.
ఝుఝునా అంటే పేరు కాదు ఇక్కడ,
నేల కిందనుంచి వచ్చే గుసగుస.
నటుల మొహాలు నాకంతగా తెలియవు. పాదాలు తెలుసు.

పాత విషాదం అది. ఊరిని శత్రువు చుట్టుముట్టాడు.
మూడో అంకంలో అన్నదమ్ములు జనం ముందుకొస్తారు.
కోట తలుపు తెరవొద్దని అన్న.
తెరవాలని తమ్ముడు.

అన్న వేషం ఎల్గుజాది.
రెండు కాళ్ళూ మేకులు కొట్టినట్టు ఒక్కచోటే.
గింజలు ఇన్ని పుట్లు, బావులు ఇన్ని, రోజులు నలభై.
"మీరు తెలివైనవాళ్ళు" అని మొదలుపెట్టి
ఆ తెలివికే అంతా వదిలేస్తాడు.
ఊరు అంటాడు, నగరం అంటాడు, పౌరులు అంటాడు,
ఒక్కసారైనా మనం అనడు.
అబద్ధం లేదు అందులో. అదే తంటా.
నిజం తనంతట తనే నడిచి వెళ్తుందనుకుని
దాని చెయ్యి పట్టుకోడు.
హాల్లో దగ్గులు.
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న చప్పుడు.

తమ్ముడు బొందో.
నోరు విప్పకముందే మూడు మెట్లు దిగుతాడు.
మూడో మెట్టు మీద ఎడమ చెప్పు వదిలేస్తాడు,
ఎందుకో చెప్పడు.
"నాకు మాట్లాడటం రాదు" అంటాడు.
ఆ వాక్యం తర్వాత రాతప్రతిలో ఆరు పేజీలున్నాయి.
అన్న లెక్కని కాదనడు, అప్పు తీసుకుంటాడు:
"నలభై రోజులు. బావుంది.
నలభయ్యొకటో పొద్దున పొయ్యి ఎవరింట్లో వెలుగుతుంది?"
అంకెని వంటింట్లోకి తీసుకెళ్ళి
ఖాళీ కుండ పక్కన కూచోబెడతాడు.
నేను అంటూ మొదలెట్టినవాడు
మనంలోకి ఎప్పుడు జారాడో ఎవరూ కనిపెట్టరు.
నేను పెన్సిలుతో గుర్తు పెట్టాను:
పదకొండో పంక్తి, "కదా" దగ్గర.
ఆ చిన్న కదా మీదే గడియ వదులవుతుంది.
తల ఊపినవాళ్ళు
తాము దేనికి ఊపారో తర్వాత తెలుసుకుంటారు.

కరెంటు లేని ఆ జనవరిలో
నలభై మందో ఏమో వచ్చారు, కోట్లు విప్పకుండా.
పొద్దుటినుంచీ రొట్టె వరసలో నిలబడి
కాళ్ళు నొప్పులుగా ఉంటే
ఇక్కడ కూచోటానికి వచ్చారేమో కూడా.
ఎల్గుజా మొదలుపెట్టాడు. "గింజలు..."
ఆగిపోయాడు.
కుడి మడమ లేచింది.
ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మడమ లేవడం అదే మొదలు.

నూట ఇరవై పుట్లు.
మాట నా నాలుక మీదే ఉంది.
ఒక్క ఊపిరిలో అందించాలి, అదే నా ఉద్యోగం.
అందించలేదు.

దగ్గులు ఆగాయి. పొట్టు చప్పుడు ఆగింది.
మూడో వరసలోంచి ఎవరో ముసలామె
మెల్లగా అడిగింది: "లేవా, నాయనా?"

ఆ రాత్రి అన్న గెలిచాడు.
నేను అంకె అందించేదాకా.
తర్వాత బొందో చెప్పు వదిలితే
ఎవరూ ఆ చెప్పు వైపు చూడలేదు.
అయినా అయిదో అంకంలో తలుపు తెరుచుకుంది,
రాసింది అదే కాబట్టి. ఎర్రగుడ్డలతో ఊరు తగలబడింది.

ఎల్గుజా నా పెట్టె ముందు వంగాడు.
బూట్లకంటే పాతబడింది ఆ మొహం.
"ఎందుకు అందించలేదు?"
"కొవ్వొత్తి ఆరిపోయింది" అన్నాను.
మైనం ఇంకా నా వేళ్ళ మీద వెచ్చగానే ఉంది.

మర్నాడు అక్కడికొచ్చి
తనే ఆగాడు,
మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ, సరిగ్గా అంతసేపే.
మడమ లేవలేదు.
నాలుగో అంకె దగ్గర ఎవరో దగ్గారు.
నేను గబగబా అందించాను.